కొసరు

బిర్రిగల్ మెయిన్ స్ట్రీట్‌లో
పదిహేడో నంబరు కొట్టు కొలవడానికి వెళ్లాను.
కౌన్సిలు వాళ్ల ఫారం, తుప్పు తాళంచెవి,
ఎనిమిది మీటర్ల స్టీలు టేపు.
గోధుమ లారీ వెళ్లినప్పుడల్లా
వరండా ఇనుప లేసు
సన్నగా పళ్లు కొరుకుతోంది.

నెత్తిన రాతిలో పేరు చెక్కుచెదరలేదు:
ఆంగస్ టల్లోక్, బట్టల వర్తకం, 1884.
చర్చికి గంట ఇచ్చినవాడు.
టౌన్ హాల్లో నిలువెత్తు పటం,
గడ్డానికి కూడా ఇస్త్రీ చేయించినట్టుంటాడు.
దాని కింద, సున్నం పొరలో, ఇంకో పేరు.
గోడ తడిస్తే తప్ప పైకి రాదట.
నా అదృష్టం, పొద్దున్నే జల్లు పడింది:
మలూఫ్ అండ్ డాటర్.
కొట్టు కొట్టుకీ 'అండ్ సన్స్' ఉన్న వీధిలో.

లోపల పావురాలు.
వరద గీత నా మోకాలి దాకా.
వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన రోజుల స్టిక్కరొకటి,
ఎరువుల బస్తాలు ఈడ్చిన చారలు,
అన్నిటికీ వెనక
సీడార్ చెక్క కౌంటరు,
మోచేతులు ఆనిన చోట గుంటలు పడి.

అంచున రెండు ఇత్తడి మేకులు.
మధ్య దూరం గజం.
గుడ్డని ఈ మేకు నుంచి ఆ మేకుకి లాగి, మడిచి,
కత్తెర వేసేవాళ్లు.
ఊరికే, అలవాటు కొద్దీ, టేపు పెట్టాను.
ముప్పైఆరున్నర అంగుళాలు.
మళ్లీ పెట్టాను.
ముప్పైఆరున్నరే.

వంగి చూస్తే
కుడి మేకుకి అంగుళం ఇవతల
తేనెమైనంతో పూడ్చిన కన్నం.
పాత మేకు అక్కడుండేది.
అక్కడికి ముప్పైఅయిదున్నర.

గజానికి అర అంగుళం.
ముప్పై ఏళ్లు,
పెళ్లి గౌన్లలో, దుప్పట్లలో,
శవాల మీద కప్పిన తెల్లగుడ్డలో.
చర్చి గంట
ఎన్ని అర అంగుళాల బరువో!

సాయంత్రం డల్సీ హార్గ్రేవ్స్ ఇంటికి వెళ్లాను.
తొంభై ఒకటి. చెవి వినపడదు, జ్ఞాపకం వినపడుతుంది.
"టల్లోక్ దగ్గర కొన్న గుడ్డకి
చేతులెప్పుడూ మణికట్టు దాకా వచ్చేవి కావట,
మా అమ్మ దర్జీదాన్ని తిట్టేది.
సల్మా మలూఫ్ దగ్గర కొంటే
నా బొమ్మకి ఓ గౌను మిగిలేది."
అంతే చెప్పింది. బిస్కెట్ల డబ్బా నా వైపు తోసింది.

మేకు జరిపింది తండ్రో కూతురో తెలీదు.
లెబనాన్ కొండ దిగి వచ్చి
పదకొండేళ్లు వీపున మూటతో
రిబ్బన్లూ సూదులూ అమ్మిన నజీబో,
అద్దె కట్టే మొదటి రాత్రి, లాంతరు పెట్టుకుని,
టేపు పరిచి, చాలాసేపు ఊరుకుని...
లేక తండ్రి పోయాక
తలుపు గడియ వేసుకున్న సల్మాయో.
బోర్డు రాయించలేదు.
పత్రికలో వేయించలేదు.
ఎవరి పరువూ తీయలేదు.
మేకు పీకి, అంగుళం అవతల కొట్టారు:
సగం, తమది కాని అప్పుకి.
సగం, కొసరు.

మా వైపు కూరలమ్మి
తూకం అయ్యాక కూడా వేసే
ఆ రెండు మిరపకాయల్ని
ఇంగ్లీషులో ఏమంటారో
ఇరవై ఏళ్లుగా నాకు దొరకలేదు.
ఇక్కడ ఒక చెక్క మీద దొరికింది,
మాట కాదు, కొలత.

ఫారంలో 'ప్రాముఖ్యం' అన్నచోట
మూడు గీతలే ఇచ్చారు.
టల్లోక్, ఇటుకలు, ఇనుప లేసు
రెండున్నర గీతలు తినేశాయి.
మిగిలిన సగంలో రాశాను:
కౌంటరు కదపరాదు.
మేకులు అసలే కదపరాదు.

తాళంచెవి తిరిగి ఇస్తుంటే
పోస్టాఫీసు కుర్రాడు అడిగాడు,
"ఏమైనా ఉందా లోపల?"
"అర అంగుళం," అన్నాను.
దుమ్ము గురించి అనుకుని
అయ్యో అన్నట్టు తలూపాడు.